పదిహేడో రోజు సముద్ర సమాచారం

సముద్రం రేపు ఎలా ఉండబోతుందో ఈరోజే చెప్పే ఒక చిన్న ఆఫీసులో నేను ఆరేళ్లు పనిచేశాను. మా వంశంలో నాకు ముందు ఎవరూ ఒకరి కింద పనిచేసి ఎరగరు. తమిళం మాట్లాడే మా తీరపు ఊళ్లో, మూలకుళం దాటాక, ఇప్పుడు మేడలు వరసగా లేచిన చోట, ఒకప్పుడు మా తాతగారి వరి మళ్లు ఉండేవి. నాకు మీసాలు వచ్చేనాటికి మళ్లూ పోయాయి, ఊళ్లో ఇల్లూ పోయింది. నెల్లితోపులో రెండు గదుల అద్దె ఇంట్లో మా అక్కా నేనూ మిగిలాం. చొక్కాకి మాత్రం ఏనాడూ ఇస్త్రీ తప్పలేదు. కొట్టు ముందు నిలబడి టీ తాగిన రోజు లేదు. గొప్ప చెప్పుకోవడానికి ఇదంతా రాయడం లేదు. తర్వాత జరిగినదానికి ఇదే మూలం కాబట్టి రాస్తున్నాను.

సునామీ వచ్చిపోయాక ఒడ్డు వెంబడి జాలరి పల్లెల్లో మైకు స్తంభాలు లేచాయి. మాది అలాంటి పల్లెలకు సముద్ర సమాచారం అందించే స్వచ్ఛంద సంస్థ. మధ్యాహ్నం మూడింటికి పెద్ద కేంద్రం నుంచి ఒక ఫైలు వచ్చేది. గాలి ఎటునుంచి, ఎంత వేగం, అల ఎంత ఎత్తు, నీటి ప్రవాహం ఎటు లాగుతుంది, ఇవన్నీ తీరం పొడుగునా అంకెల్లో ఉండేవి. అందులో మా ఒడ్డుకి సంబంధించిన వరస ఏరి, తమిళంలో నాలుగు వాక్యాలుగా మార్చి కాగితం మీద పెట్టడం నా పని. ఆ నాలుగు వాక్యాలను గొంతెత్తి చదివి రికార్డు చెయ్యడం ఇంకొకతని పని.

మొదట్లో ఆ రికార్డింగులు మా గదిలోని కంప్యూటర్లోనే ఉండేవి. ఒక కార్తె వానకి గదిలోకి నీళ్లొచ్చి అది పాడైపోయింది. ఆ తర్వాత మా మేనేజరమ్మ క్లౌడ్‌లో చోటు అద్దెకు తీసుకుంది. ఆ మాట అప్పటికి మాకు కొత్త. ఎక్కడో, ఎవరిదో, మనం ఎన్నడూ చూడని కంప్యూటర్లో మన ఫైళ్లు దాచుకోవడం, కావలసినప్పుడు ఎక్కడినుంచైనా తీసుకోవడం, అంతే. మా వంతు జాలరి పల్లె కురుచికుప్పంలో మైకు స్తంభం కింద ఒక చిన్న పెట్టె పెట్టాం. తెల్లవారుజామున నాలుగున్నరకి అది తనంతట తాను ఆ చోటు తెరిచి, ఆ రోజు తారీఖు పేరుతో ఉన్న ఫైలు తీసుకుని మైకులో వినిపించేది. మాకు దక్షిణాన ఉన్న మరో కేంద్రం వాళ్లు కూడా అక్కడినుంచే అవే ఫైళ్లు తీసుకునేవారు. చోటు అద్దెకిచ్చిన కంపెనీ, ఏ ఒక్కటీ పోకుండా ప్రతి ఫైలుకీ తమ దగ్గర ఇంకో రెండు నకళ్లు ఉంచుతామని ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం నాకు బాగా నచ్చింది. పోగొట్టుకోవడం తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ని.

ఒక్క ఫైలు కూడా తీసెయ్యకూడదని ఆఫీసు రూలు. ముందు చెప్పింది ఎంతవరకు నిజమైందో తర్వాత సరిచూడాలట. అందువల్ల గడిచిపోయిన రోజులన్నీ ఇంకా రాబోతున్నట్టే ఆ జాబితాలో తారీఖుల వరసన పేరుకుంటూ ఉండేవి. రేపు గాలి పెరుగుతుంది, రేపు అల తగ్గుతుంది. ఏ రేపూ మిగల్లేదు, చెప్పిన మాట మాత్రం ఉంది. సాయంత్రం ఆఫీసులో ఒక్కణ్నే ఉన్నప్పుడు ఆ జాబితాని కిందికి జరుపుకుంటూ పోతే మెడ వెనక ఏదో చల్లగా తగిలినట్టుండేది. జాబితా మూసేసి లైటు వేసుకునేవాణ్ని.

రికార్డు చేసేది కురుచికుప్పం జాలరే. వాళ్లమ్మ ఒకప్పుడు మా ఇంట్లో బియ్యం చెరిగేది. అలా అతనికి మా ఇళ్లల్లో మాట్లాడే తెలుగు వచ్చు. నాకంటే రెండేళ్లు పెద్దవాడు. అయినా నేను అతన్ని నువ్వనే అనేవాణ్ని, అతను నన్ను సామీ అనేవాడు. ఆ పిలుపులో మర్యాద ఎంతో వెటకారం ఎంతో నాకు ఎప్పుడూ తేలలేదు.

సాయంత్రం ఐదింటికి వచ్చి, కాగితం తీసుకుని వెలుతురుకి పట్టి చూసేవాడు.

"ఏంది సామీ, ఇంత చిన్న కాయితం? రేపు సముద్రానికి సెలవా?"

"నాలుగు వాక్యాలు చాలు. చదువు."

"చదవతా. మీరు రాసింది అచ్చంగా చదవతా. కడాకు నాది ఒక మాట ఉండాది, అది నేను చెప్పుకుంటా."

ఆ మాట రోజూ ఒకటే. సమాచారం అంతా చదివాక, గొంతు కొంచెం తగ్గించి తమిళంలో, "నేనూ వస్తా ఉండా, నన్ను విడిచిపెట్టి పోవద్దండి" అనేవాడు. ఒడ్డు మీదికి అందరికంటే ఆలస్యంగా వచ్చేది అతనే. తోటివాళ్లు పడవ తోసుకుని పోతారని భయం. అందుకని తను ఇంట్లో ముఖం కడుక్కుంటూ ఉండగా, తన గొంతుని ముందుగా మైకులో పంపించేవాడు. ఒడ్డున జనం రోజూ నవ్వుకునేవారట. మేనేజరమ్మ రెండుసార్లు కోప్పడింది. నేను ఇంకా గట్టిగా చెప్పాను.

"ఇది ఆఫీసు మైకు. నీ సొంత మాటలకి కాదు."

"మైకు ఆఫీసుదే సామీ. పడవ ఆఫీసుది కాదే. నన్ను విడిచిపెట్టి పోతే మీ ఆఫీసు వచ్చి వల లాగతాదా?"

నేను నవ్వలేదు. నవ్వి ఉండవలసింది.

ఆ ఏడు తమిళుల ఆడి మాసం, అంటే మన ఆషాఢం, గాలులు తగ్గుముఖం పట్టిన రోజుల్లో అతనికి కామెర్లు వచ్చాయి. నాటు మందు తాగాడు, ఉపవాసం ఉన్నాడు, చివరికి ఆస్పత్రిలో చేరాడు. అన్నేళ్లు సముద్రం మీద తిరిగినవాడు ఇనప మంచం మీద పోయాడు. నేను ఒడ్డు దాకా వెళ్లి దండ వేసి, వాళ్ల ఇంటి ముందు నిలబడి తిరిగి వచ్చేశాను. అతని భార్య చాప పరిచింది. మా ఇంటివాళ్లకి అక్కడ కూచునే అలవాటు లేదు.

వాళ్లల్లో చనిపోయినవాళ్లకి పదహారో రోజున కర్మ చేస్తారు. దాన్ని అక్కడ కరుమాది అంటారు. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ అరిటాకులో వడ్డించి సముద్రానికి ఎదురుగా పెడతారు. అది ముగిస్తే ఆ మనిషి ఈ ఒడ్డు వదిలి వెళ్లిపోయినట్టు. ఆ పదహారు రోజులూ మైకు మోగకూడదని పల్లె పెద్ద అడిగితే మేం ఒప్పుకున్నాం. సమాచారాన్ని స్తంభం దగ్గర పలక మీద రాసి పెట్టేవారు.

పదహారో రోజు మధ్యాహ్నం మేనేజరమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, రేపటి నుంచి మళ్లీ మైకు మొదలుపెట్టాలి. కొత్త మనిషి దొరికేదాకా మీరే చదివెయ్యండి. మీ గొంతు బాగుంటుంది."

సరే అన్నాను. ఆమె వెళ్లిపోయింది. కాగితం ముందు పెట్టుకుని కూచున్నాను. ఊళ్లో చాటింపు వేయించిన ఇల్లు మాది, వేసిన ఇల్లు కాదు. నా గొంతు స్తంభానికి వేలాడి, వలలు సర్దుకునేవాళ్లకి గాలి ఎటునుంచి వీస్తుందో కేకవేసి చెప్పడమా? కాగితం మీద రాసి ఇవ్వడం వేరు, అది వేరు. ఆ సాయంత్రం నా బుర్రలో ఉన్నది ఇంతే. ఇప్పుడు రాస్తుంటే చాలా చిన్నగా కనిపిస్తోంది. అప్పుడు చిన్నదిగా లేదు.

రేపటి అంకెలు మరోసారి చూశాను. గాలి నైరుతి నుంచి, మామూలు వేగం. అల మీటరున్నర లోపు. ప్రవాహం ఉత్తరానికి. ఇవే అంకెలు ఇంతకుముందు ఎక్కడో రాసిన గుర్తుంది. పాత కాగితాలు తిరగేస్తే దొరికాయి, రెండు నెలల వెనక ఒక రోజున అక్షరం తేడా లేకుండా ఇవే నాలుగు వాక్యాలు. ఆ రోజు రికార్డింగు క్లౌడ్‌లో పదిలంగా ఉంది. దానికి ఒక నకలు తీసి రేపటి తారీఖు పేరు పెట్టాను. మొత్తం రెండు నిమిషాల పని.

వినలేదు. పెట్టేముందు ఒక్కసారి వినిపించుకోవడం మా పద్ధతి. ఆ రోజు వినలేదు. తీరిక లేక కాదు, ఆ గొంతు వినడానికి భయమేసింది. అంకెలు సరిపోయాయి కదా, తప్పేముంది అనుకున్నాను. గాలి గాలే, అల అలే. చెప్పే గొంతు ఎవరిదైతే ఏం?

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మా అక్క మార్కెట్టు నుంచి ఖాళీ సంచితో తిరిగి వచ్చింది.

"చేపలు రాలేదు. కురుచికుప్పం నుంచి ఒక్క గంప కూడా రాలేదు. విన్నావా? చచ్చినోడు మైకులో మాట్లాడినాడంట."

నేను పేపరు దించలేదు.

"పడవలు తోస్తా ఉంటే మాట్లాడినాడంట. గాలి ఎటు, అల ఎంత, అన్నీ చెప్పినాడంట. కడాకు నేనూ వస్తా ఉండా, విడిచిపెట్టి పోవద్దండి అన్నాడంట. వాడి పడవోళ్లు ఆడనే పడవ వదిలేసి ఇసకలో కూలబడినారంట. ఒరే, నీతోనే మాట్లాడేది."

"మిషన్లో ఏదో తప్పు."

"ఏం తప్పు?"

"నీకు చెప్పినా అర్థం కాదక్కా."

"అర్థం కాకనే అడిగేది. నీ మొగం ఎందుకు అట్లుండాది?"

స్నానానికి లేచిపోయాను. నీళ్లు పోసుకుంటుంటే అతని చివరి మాట మా ఇంటి గోడల్లోంచి వినిపించినట్టయింది. ఆ మాట అక్కడ ఉంటుందని నాకు తెలుసు. రోజూ ఉండేది. పేరు మార్చేటప్పుడు గుర్తు రాలేదని చెప్పుకుంటూ వచ్చాను. నిజంగా గుర్తు రాలేదో, గుర్తు రాకుండా చూసుకున్నానో ఇప్పటికీ ప్రమాణం చెయ్యలేను.

ఆ రోజు కురుచికుప్పం నుంచి ఒక్క పడవా సముద్రంలోకి పోలేదు. అతని భార్య ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి, ఎండెక్కేదాకా స్తంభం కింద తల ఎత్తుకుని నిలబడిపోయిందట. సాయంత్రానికల్లా పల్లె పెద్దలు కూచుని ఒక మాటకి వచ్చారు. కరుమాదిలో లోపం జరిగింది. వడ్డించవలసింది ఏదో వడ్డించలేదు. అందుకే మనిషి పోలేదు, పడవ కోసం కాచుకుని ఉన్నాడు. లోపం ఆమెది. ఆమె ఏం మర్చిపోయిందో ఆదివారం నాడు అందరి ముందూ చెప్పి, మళ్లీ చెయ్యాలి. అంతదాకా ఒడ్డున చేపల ఏలంలో ఆమె నిలబడకూడదు.

ఆమె బతుకు ఆ ఏలంలోనే ఉంది. పొద్దున్నే అక్కడ చేప తీసుకుని, గంప నెత్తిన పెట్టుకుని నెల్లితోపు వీధులన్నీ తిరిగి అమ్మేది. మా అక్క ఆమె దగ్గరే కొనేది.

మూడో రోజున ఆమె ఖాళీ గంపతో మా గుమ్మం ముందుకొచ్చింది. అలవాటు కొద్దీ గంప తెచ్చిందనుకుంటాను.

"చేప లేదక్కా," అంది మా అక్కతో. "సామి ఉండారా?"

నేను బయటికి వచ్చాను. ఆమె గంప కింద పెట్టి, దాని అంచు రెండు చేతులా పట్టుకుంది.

"సామీ, మీ జతలో పని చేసినాడు కదా. ఏమన్నా అడిగినాడా మిమ్మల్ని? ఏమన్నా కావాలని?"

"లేదే."

"వంజరం చేప వేపి పెట్నా. బీడీకట్ట పెట్నా. తాగే గలాసు పెట్నా, దాంట్లో పోసేది కూడా పోసి పెట్నా, వాళ్లమ్మ వద్దన్నా. ముసలోళ్లు అంటా ఉండారు, ఏదో మర్చిపోయినావే, అందుకే వాడు పోలేదు అని. నాకు తెలస్తా లేదు సామీ. ఇరవై రెండేళ్లు వండి పెట్నా. వాడికేం ఇష్టమో నాకు తెలీదా?"

మా అక్క ఆమెకి మంచినీళ్లు ఇచ్చింది. ఆమె తాగకుండా లోటా పట్టుకుని ఉంది.

"ఆ మైకేమో సామీ? చెవులకి పెట్టుకుంటాడే, ఆ నల్లది. ఆడ కూచుని మాట్లాడేది వాడికి శానా ఇష్టం. ఇంటికొచ్చి కూడా మీ మాదిరే మాట్లాడి చూపించేవాడు. అదే అడగతా ఉండాడేమో?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. మా ఇంటి గుమ్మమే, నేనూ ఆమే, పక్కన మా అక్క. నేను తల ఊపాను.

"అయ్యుండొచ్చు," అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. ఆదివారం పెద్దలకి ఆ మాటే చెబుతానంది. ఆ నల్లది ఇస్తే ఆకులో పెట్టి సముద్రంలో వదులుతానంది. మీరు చెప్పకపోతే నాకు తట్టేది కాదు సామీ అని దండం పెట్టి, గంప తీసుకుని వెళ్లిపోయింది. నేను చేసిన పనుల్లో ఇది మొదటిదాని కంటే పెద్దది. మొదటిసారి ఒక పేరు మార్చాను. ఈసారి ఒక మనిషిని, తన మొగుడి ఇష్టమే ఎరగని మనిషిగా తనని తాను ఒప్పుకునేలా చేశాను.

ఆమె వీధి మలుపు తిరిగాక మా అక్క అంది.

"మిషన్ తప్పు అన్నావే. మిషన్ అయితే ఆమెకి ఎందుకు చెప్పలే?"

నేను ఆమె వదిలిన లోటా తియ్యబోయాను.

"ఎవురు పెట్నారురా ఆ గొంతు?"

"నేను."

మా అక్క లోటా తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట నాకు వడ్డించింది కానీ ఎదురుగా కూచోలేదు.

ఆదివారం సాయంత్రం నేను ఆఫీసు లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని కురుచికుప్పం వెళ్లాను. వలలు బాగుచేసే పాక ముందు అందరూ చేరి ఉన్నారు. మాటలన్నీ తమిళంలోనే నడిచాయి, నాకు గుర్తున్నట్టు తెలుగులో రాస్తున్నాను. పల్లె పెద్ద నన్ను చూసి లేవబోయి, లేవకుండా ఆగాడు.

"ఏంది సామీ, మీ ఇంటోళ్లు ఈ ఇసక తొక్కి ఎన్నాళ్లయ్యింది? కుర్చీ తెప్పించేదా?"

"వద్దు. నేనొక మాట చెప్పి పోతాను."

ఆమె ఆడవాళ్ల మధ్యలోంచి ఆశగా చూస్తోంది. మైకు తెచ్చాననుకుంది.

"ఆ పొద్దు మాట్లాడింది అతను కాదు," అన్నాను. "అతను ఎప్పుడో చదివినదాన్ని నేను మళ్లీ పెట్టాను. ఈమె చేసిన కరుమాదిలో లోపం లేదు."

ఎవరూ నమ్మలేదు. వాళ్ల ముఖాల్లో నా మీద కోపం కూడా లేదు, జాలి ఉంది. పల్లె పెద్ద అన్నాడు, "ఆమెను కాపాడాలని చెప్పతా ఉండారు. మంచిదే. కానీ ఆ పొద్దు గాలి ఎటో, అల ఎంతో అచ్చంగా చెప్పినాడు, మేం మా చెవులతో విన్నాం సామీ." అప్పుడు లాప్‌టాప్ తెరిచి ఒక పాత రోజుది పెట్టాను. అతని గొంతు ఇసక మీద లేచింది. ముందు కూచున్నవాళ్లు వెనక్కి జరిగారు. ఒక ముసలామె చెవులు మూసుకుంది. ఇంకొక రోజుది పెట్టాను. మరొకటి. ప్రతిదాని చివరా అదే మాట. మూడోది సగంలో ఉండగా పల్లె పెద్ద చెయ్యెత్తాడు.

"ఆపు. చాలు." సామీ అనడం మానేశాడు. "ఎందుకు పెట్నావు?"

"నన్ను చదవమన్నారు. మైకులో చదవడానికి నాకు సిగ్గేసింది."

వెనకనుంచి ఎవరో, "అంత ఖరీదైన గొంతా!" అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. పల్లె పెద్ద నవ్వలేదు.

"వాడు బతికినన్నాళ్లు వాళ్లమ్మ మీ ఇంట్లో పని చేసె. వాడు మీ ఆఫీసులో పని చేసె. చచ్చినంక కూడా వాడి చేత చాకిరీ చేయించుకున్నావా?"

నిలబడి విన్నాను. నా వీపు నిటారుగానే ఉందని ఆ నిమిషంలో కూడా నాకు తెలుస్తూ ఉంది. అందుకు నాకు అసహ్యం వేసింది.

ఆమె మీద తప్పు లేదని, రేపటి నుంచి ఏలంలో నిలబడవచ్చని పల్లె పెద్ద అందరికీ చెప్పాడు. రేపటి మైకు నువ్వే చదవాలని నాకు చెప్పాడు. మిగిలిన ఆడవాళ్లు చుట్టూ చేరి ఆమె భుజం తడుతుంటే, ఆమె మూసి ఉన్న నా లాప్‌టాప్ వైపే చూస్తోంది.

మర్నాటి నుంచి నేనే చదివాను. తప్పు లేకుండా, తొందర లేకుండా నాలుగు వాక్యాలు చదివేవాణ్ని. చదవడం అయిపోయాక కూడా ఒడ్డున ఎవరూ వెంటనే కదిలేవారు కాదట. ఒక్క క్షణం పడవల మీద చేతులు వేసుకుని అలాగే నిలబడి, ఆ తర్వాత తోసేవారట. ఈ సంగతి నాకు చెప్పింది ఆమే.

నాలుగు రోజుల తర్వాత ఆమె ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. కూచోమంటే కూచోలేదు.

"దాంట్లో వాడు ఇంకా ఉండాడు కదా. తుడిచెయ్యండి."

మేనేజరమ్మని అడిగాను. అంకెలూ కాగితాలూ ఉంచి, గొంతు మాత్రం తీసెయ్యమంది.

"ఎన్ని ఉండాయి?"

"రెండు వందల పైన ఉంటాయమ్మా." అమ్మా అన్నది నోటికి కొత్తగా ఉంది.

"ఒకటి వినిపించండి."

వినిపించాను. వానాకాలం రోజుది, గాలి బలంగా ఉంటుంది జాగ్రత్త అని చెబుతున్నాడు. మధ్యలో దగ్గు వచ్చి ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా వింది. "చాలు," అంది. నేను అన్నీ ఎంచి తీసేశాను. తెర మీద ఆ జాబితా ఉన్న చోట ఖాళీ మిగిలింది. ఆఫీసు కంప్యూటర్లోవీ తీసేశాను.

"అయిపాయనా?"

అయిపోయిందని చెబితే ఆమె వెళ్లిపోయేది. బహుశా నిద్ర కూడా పోయేది. కానీ ఆమె ముందు ఒకసారి అబద్ధానికి తల ఊపిన మనిషిని నేను.

"ఇక్కడ అయిపోయింది," అన్నాను. "ఈ చోటు మాది కాదమ్మా. అద్దెది. వాళ్లు దీనికి రెండు నకళ్లు ఉంచుతారు. దక్షిణాన ఉన్న కేంద్రం వాళ్లు కూడా తీసుకున్నారు. అందరికీ తీసెయ్యమని చెబుతాను. తీసేశామనే అంటారు. నేను కళ్లతో చూడలేను."

"మూడు చోట్లా?"

"నాకు తెలిసి మూడు."

"యాడ ఉండాయి? ఏ పక్క?"

అలా అడుగుతుందని అనుకోలేదు. ఒక నకలు ఉత్తరాన ఏదో నగరంలో ఉంటుందని, ఇంకోటి సముద్రానికి అవతల ఏదో దేశంలో ఉంటుందని ఉత్తరంలో రాశారు. అదే చెప్పాను. మూడోది దక్షిణాన ఉన్న కేంద్రం. ఆమె కిటికీ వైపు తిరిగి మూడు దిక్కులకీ చెయ్యి చూపించి, సరేనా అన్నట్టు నన్ను చూసింది. సరేనన్నాను.

"ఇంకా యాడైనా?"

"తెలియదమ్మా. ఎవరైనా ఫోన్లో పట్టుకుని ఉండొచ్చు. దక్షిణం వాళ్ల దగ్గర ఇంకెవరైనా తీసుకుని ఉండొచ్చు. నాకు తెలియదు."

"తెలీదు," అని ఆమె నా మాటని నెమ్మదిగా మళ్లీ అంది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఏలంలో ఆమె చోటు ఆమెకి వచ్చింది. మా వీధిలోకి గంప మళ్లీ వచ్చింది. మళ్లీ కర్మ చెయ్యమని ఎవరూ అడగలేదు. అయినా ఒక ఉదయం ఆమె మా అక్క చేతిలో చేప పెడుతూ, "సామిని రేపు ఒకసారి ఒడ్డుకి రమ్మని చెప్పక్కా," అందట.

వెళ్లాను. మేళం లేదు, జనం లేరు. ఆమె, వాళ్ల అత్త, ఇద్దరే. ఇసక మీద నీళ్లు చల్లి, మూడు అరిటాకులు పరిచి ఉన్నాయి. సముద్రానికి ఎదురుగా ఉన్నది ఒక్కటే. ఇంకోటి ఉత్తరం వైపు, మరోటి దక్షిణం వైపు తిప్పి ఉన్నాయి. ఒక్కోదాంట్లో అన్నం, వేపిన చేప, బీడీకట్ట. ముసలామె ఏమీ అడగడం లేదు, కోడలు చెప్పినట్టు చేస్తోంది. కూచోమన్నారు. ఇసక మీద కూచున్నాను. ఆమె మూడు ఆకుల ముందూ కర్పూరం వెలిగించి, మూడింటి ముందూ వంగి మొక్కింది. తర్వాత నన్ను చూసింది.

"ఇంతేనా సామీ?"

ఇంతే అని చెప్పే హక్కు నాకు లేదు.

"తెలియని చోటుకి ఇంకోటి వెయ్యండమ్మా," అన్నాను.

ఆమె అరిటాకుల చుట్టలోంచి నాలుగో ఆకు లాగి, తుడిచి, పట్టుకుని లేచింది. సముద్రం వైపు చూసింది. ఊరి వైపు చూసింది. ఎటు తిప్పి వెయ్యాలో నన్ను అడుగుతుందేమోనని నేను తల దించుకున్నాను. ఆమె అడగలేదు. గాలికి కొట్టుకుంటున్న ఆ ఆకుని రెండు చేతులా పట్టుకుని, చాలాసేపు అలాగే నిలబడి ఉంది.